నార్వేజియన్ సమాసాల్లో అతుకు ఎక్కడ, ఊనిక ఎక్కడ? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగానికో చదువుకో నార్వే వచ్చి, ఆ భాషతో కుస్తీ పడుతున్న తెలుగువాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలివి. నేను భాషాశాస్త్రం చదువుకోలేదు. ఓస్లోలో కొన్నేళ్ళుండి, తప్పులు చేసి, నవ్వులపాలై నేర్చుకున్నాను. వ్యాకరణం పుస్తకాల్లో దొరుకుతుంది కానీ, తెలుగు నోటికి ఇది ఎక్కడ అడ్డం పడుతుందో అందులో ఉండదు. అందుకే ఈ పేజీ.

ఈ పేజీలో నార్వేజియన్ మాటలను ఎలా చదవాలి?

అన్నీ తెలుగు లిపిలోనే రాశాను, ఓస్లో చుట్టుపక్కల వినిపించే ఉచ్చారణకు దగ్గరగా. రెండు ముక్కలు అతికిన చోట చిన్న గీత (-) పెట్టాను. నార్వేజియన్ రాతలో ఆ గీత ఉండదు, అంతా కలిపే రాస్తారు. ప్రధాన ఊనిక (అన్నిటికంటే గట్టిగా నొక్కి పలికే చోటు) మాట మొదట్లో కాకుండా ఇంకెక్కడైనా పడితే, ఆ అక్షరం ముందు ' గుర్తు ఉంటుంది. గుర్తు లేకపోతే మొదటి అక్షరం మీదే నొక్కండి.

'అక్షరం' అన్నప్పుడల్లా ఒక్క ఊపులో పలికే ముక్క అని అర్థం. రాతలోని గుర్తును 'లెటర్' అంటాను, లేకపోతే ఇద్దరం గందరగోళపడతాం.

త, ట తేడాను మాత్రం నిర్లక్ష్యం చేయకండి. మామూలు 't'కు త రాశాను. ట రాసిన చోట నిజంగానే నాలుక మడవాలి. ఎందుకో కింద చెప్తాను. ఓకారంలా రాసిన కొన్ని చోట్ల అసలు ధ్వని మన దగ్గర లేదు. మూతి సున్నాలా చుట్టి 'ఏ' అనండి, దగ్గరికి వస్తుంది.

నార్వేజియన్ సమాసం మన సమాసం లాంటిదేనా?

చాలావరకు అవును. అసలు మాట చివర ఉంటుంది, దాన్ని వివరించేది ముందు వస్తుంది. 'సీకె-హూస్' అంటే ఆసుపత్రి: సీకె అంటే జబ్బుపడినవాళ్ళు, హూస్ అంటే ఇల్లు. 'బాణె-హాగె' అంటే చిన్నపిల్లల బడి, అక్షరాలా పిల్లల తోట. మన తత్పురుషే ఇది. బహువ్రీహి కూడా ఉంది. 'రో-స్త్రూపె' అంటే 'ఎర్ర గొంతు', కానీ గొంతు పేరు కాదు, ఎర్ర గొంతు గల ఒక చిన్న పిట్ట పేరు.

లింగం కూడా చివరి ముక్కదే. హూస్ నపుంసకం కాబట్టి సీకె-హూస్ నపుంసకం. దాని వెనక మంచం అనే అర్థమున్న 'సెంగ్' తగిలించి 'సీకెహూస్-సెంగ్' (ఆసుపత్రి మంచం) చేస్తే అది నపుంసకం కాదు, ఎందుకంటే సెంగ్ నపుంసకం కాదు.

తేడా ఎక్కడంటే, మనం కొత్త సమాసాలను రోజూ చేయం. అవి పద్యాల్లో, పత్రికల హెడ్డింగుల్లో పుడతాయి. నార్వేజియన్లు బస్టాపులో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ చేసేస్తారు. వాటన్నిటినీ ఏ నిఘంటువూ ఎక్కించుకోలేదు. కాబట్టి సమాసాన్ని విప్పడం మీకు మీరే నేర్చుకోక తప్పదు.

ఊనిక అంటే ఏమిటి? తెలుగులో లేదా?

ఒక అక్షరాన్ని మిగతా వాటికంటే నొక్కి పలకడం. తెలుగులోనూ మనం ఎక్కడో ఒకచోట నొక్కుతాం, కానీ దానివల్ల అర్థం మారదు. 'పుస్తకం'లో ఎక్కడ నొక్కినా పుస్తకమే. అందుకే మన చెవి దాన్ని పట్టించుకోదు. నార్వేజియన్ చెవి ముందు దాన్నే వెతుకుతుంది. మీ అచ్చులు, హల్లులు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటారు. ఊనిక తప్పితే మాత్రం "ఏంటి?" అని మొహం పెడతారు.

సమాసంలో ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదేనా?

తరగతుల్లో అలాగే చెప్తారు, సగమే నిజం. ఊనిక పడేది మొదటి *ముక్క* మీద. ఆ ముక్క విడిగా ఉన్నప్పుడు దాని ఊనిక ఎక్కడుందో, సమాసంలోనూ అక్కడే ఉంటుంది.

అచ్చమైన నార్వేజియన్ మాటలకు ఊనిక సాధారణంగా మొదటి అక్షరం మీదే కాబట్టి తేడా కనపడదు. 'మాత్-పక్కె' (ఇంటి నుంచి కట్టుకెళ్ళే మధ్యాహ్నపు తిండి), 'వీత్-లోక్' (వెల్లుల్లి), రెండింటికీ మొదట్లోనే. లాటిన్, ఫ్రెంచ్ మీదుగా వచ్చిన మాటల దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. పోలీసును 'పులి'తీ' అంటారు, ఊనిక చివర. పోలీసు కారు 'పులి'తీ-బీల్'. (మొదట్లో 'పులి' వినపడి నేను ఉలిక్కిపడిన మాట నిజం.) సంగీతం 'ము'సిక్', సంగీతం టీచరు 'ము'సిక్-లేరెర్'. టెలిఫోన్ 'తెలె'ఫూన్', ఫోన్ నంబరు 'తెలె'ఫూన్-నుమ్మెర్'. యూనివర్సిటీలో ఊనిక చిట్టచివరి అక్షరం మీద కాబట్టి, దాంతో మొదలయ్యే సమాసాల్లో నాలుగు అక్షరాలు తేలిగ్గా దాటి ఐదో దాని మీద దిగాలి.

ఓస్లో తూర్పు వైపు పాత యాసల్లో, ఇంకా తూర్పు నార్వే పల్లెల్లో కొందరు ఇలాంటి అరువు మాటలకు కూడా ఊనికను ముందుకు లాగేస్తారు. అరటిపండు 'బ'నాన్' కాస్తా 'బానన్' అవుతుంది. వింటే కంగారు పడకండి, వాళ్ళది తప్పు కాదు. మీరు మాత్రం చివర నొక్కడం నేర్చుకుంటే ఎక్కడైనా చెల్లుతుంది.

రెండో ముక్కకు ఊనిక అసలు ఉండదా?

ఉంటుంది, కాస్త తక్కువ. మొదటి ముక్క పెళ్ళికొడుకు, రెండోది తోడు పెళ్ళికొడుకు. తోడు పెళ్ళికొడుక్కీ కొత్త బట్టలు పెడతారు కదా. రెండో ముక్కలోని దీర్ఘం దీర్ఘంగానే, ద్విత్వం ద్విత్వంగానే మిగులుతుంది. సీకె-హూస్‌లో 'హూ' దీర్ఘాన్ని మింగేసి 'సీకెహుస్' అంటే తప్పు. మాత్-పక్కెలో 'క్కె' ఒత్తు వదిలేసి 'మాత్‌పకె' అన్నా తప్పే.

ఇంగ్లీషు అలవాటున్నవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు. ఇంగ్లీషులో ఊనిక లేని భాగాన్ని నలిపేయడం మామూలు. నార్వేజియన్‌లో రెండో ముక్క గొంతు తగ్గుతుందే కానీ ఆకారం చెడదు.

ఏ అచ్చు దీర్ఘం, ఏది హ్రస్వం అని ఎలా గుర్తుపట్టాలి?

ఛందస్సు కాస్త గుర్తున్నవాళ్ళకు ఇది పండగే. దీర్ఘాచ్చు ఉన్న అక్షరం గురువు. ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరమూ గురువే. బళ్ళో గురులఘువులు గుర్తిస్తూ గీతలు గీసిన రోజులు తలుచుకోండి. నార్వేజియన్ సూత్రం ఒక్క ముక్కలో: *ఊనిక పడిన అక్షరం తప్పకుండా గురువై ఉండాలి.* లఘువు మీద ఊనిక నిలవదు.

గురువు కావడానికి రెండు దారులు. అచ్చు సాగాలి, లేదా అచ్చు పొట్టిగా ఉండి వెనక హల్లు సాగాలి. 'తాక్' అంటే ఇంటి కప్పు, 'తక్క్' అంటే థాంక్స్. 'హాత్' అంటే ద్వేషం, 'హత్త్' అంటే టోపీ. దీర్ఘం, ద్విత్వం తెలుగు నోటికి కొట్టిన పిండి. ఇంగ్లీషు వాళ్ళు నెలల తరబడి తంటాలు పడే చోట మనం మొదటి రోజే గట్టెక్కుతాం. చిక్కల్లా ఇంకోచోట ఉంది. తెలుగులో దీర్ఘం ఎక్కడైనా రావచ్చు, అందుకని మనం ఊనిక లేని అక్షరాలను కూడా సాగదీస్తాం. అక్కడ సాగదీస్తే నార్వేజియన్ చెవి దాన్ని ఊనిక అనుకుంటుంది, ఇంకో మాట మొదలైందనుకుంటుంది.

రాతలో గుర్తు తేలికే: అచ్చు తర్వాత ఒకే హల్లు లెటర్ ఉంటే సాధారణంగా దీర్ఘం, రెండుంటే హ్రస్వం. ఒక మోసం మాత్రం గుర్తుపెట్టుకోండి. మాట చివర 'm' లెటర్‌ను రెండుసార్లు రాయరు. గది అనే అర్థమున్న 'రుమ్మ్'కు చివర ఒకటే ఉంటుంది, అయినా పలకడం మాత్రం ద్విత్వమే. హోటల్ గది 'హు'తెల్-రుమ్మ్'.

సమాసాన్ని అక్షరాలుగా ఎక్కడ విడగొట్టాలి?

మొదట అతుకు దగ్గర. తర్వాతే మిగతావి. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలరనుకుంటే, ఇదే పెట్టుకోండి.

సమాసం కాని మాటల్లో, లైను చివర విరిచేటప్పుడు ఒక హల్లు తర్వాతి లైనులోకి పోతుంది. గుర్రాలు అనే 'హెస్తెర్'ను హెస్, తెర్ అని విరుస్తారు. మన లిపి దాన్ని హె, స్తె, ర్ అని చూపిస్తుంది. తెలుగు లిపిలో హల్లులన్నీ ముందుకు ఉరికి తర్వాతి అచ్చును పట్టుకుని వేలాడతాయి, ఒత్తు కిందికి దిగుతుంది. మాట్లాడేటప్పుడు మన నోరు కూడా 'పుస్-తకం' అనే అంటుంది, కానీ రాసి చూసుకున్నప్పుడు కన్ను 'పు-స్త-కం' అని చదువుతుంది.

సమాసాల దగ్గర ఈ లిపి అలవాటు నిజంగానే దెబ్బ తీస్తుంది. నోట్సులో 'మాత్పక్కె' అని ఒత్తు పెట్టి రాసుకున్నారనుకోండి, మా, త్ప, క్కె అని చదువుతారు, అతుకు మాయమవుతుంది. 'మాత్' అని పొల్లు పెట్టి, గీత గీసి, అప్పుడు 'పక్కె' రాయండి. ఇంటి పైకప్పు పెంకును 'తాక్-స్తైన్' అంటారు. దీన్ని 'తాక్స్-తైన్' అని విరిస్తే ఎవరికీ అర్థం కాదు. 'బ్రూస్-కస్సె' (కూల్‌డ్రింకు సీసాల పెట్టె) లోనూ స, క కలిసిపోకూడదు. పక్కపక్కన ఉన్నాయి కదా అని 'స్క' చేసేయొద్దు.

ఈ అతుకు చెవికి తెలిసే గుర్తు ఇంకోటుంది. నార్వేజియన్‌లో ముక్క మొదట్లో వచ్చే ప, త, క లకు కొంచెం ఊపిరి తోడవుతుంది, మన ఫ, థ, ఖ లలాగా. స తర్వాత అదే ముక్కలో వస్తే ఊపిరి పోతుంది. చూరుకు వేలాడే మంచు కడ్డీ 'ఈస్-తప్'లో స తర్వాత త ఉంది, కానీ అది కొత్త ముక్క మొదలు, అందుకే ఊపిరితో దాదాపు 'ఈస్-థప్' లాగా వినిపిస్తుంది. 'తాక్-స్తైన్'లో త పొడిగా ఉంటుంది. ఫ, థ, ఖ లాంటి ఒత్తక్షరాలను ఊపిరితో పలకడం మానేసిన మనకు ఇది కాస్త కష్టమే.

మధ్యలో ఊరికే ఒక 's', ఒక 'e' వస్తాయేమిటి? అవి ఎటు చేరతాయి?

అవి అతికించే జిగురు. వాటికి విడిగా అర్థం వెతక్కండి. రెండూ మొదటి ముక్కకే చెందుతాయి. పని చేసే చోటు 'అర్బైద్స్-ప్లస్'. 'అర్బైద్-స్ప్లస్' కాదు. శాంతి బహుమతి 'ఫ్రేద్స్-ప్రీస్'. క్రిస్మస్ కానుక 'యూలె-గావె', ఇందులో 'యూల్'కు 'ఎ' తగిలింది.

ఏ మాటకు ఏ జిగురు అనేదానికి పక్కా సూత్రం లేదు, వింటూ పోతే అలవాటవుతుంది. ఒక్క విషయం మాత్రం చాలా పనికొస్తుంది. మూడు ముక్కలున్న సమాసంలో 's' చాలాసార్లు పెద్ద అతుకు ఎక్కడుందో చూపిస్తుంది. వైన్ గ్లాసు 'వీన్-గ్లస్', జిగురు లేదు. రెడ్ వైన్ తాగే గ్లాసు 'రోవీన్స్-గ్లస్', ఇక్కడ 's' దిగింది. ముందు రో, వీన్ ఒకటయ్యాయి, ఆ తర్వాత గ్లస్ కలిసిందని అది చెప్తోంది. ఎర్ర రంగు వేసిన వైన్ గ్లాసు అనాలంటే మాట విడిపోతుంది, 's' కూడా పోతుంది.

ఒకే లెటర్ మూడుసార్లు వస్తే?

రెండే రాస్తారు. రాత్రి రైలు 'నత్-తోగ్': మొదటి ముక్క చివర రెండు 't'లు, రెండో ముక్క మొదట ఒకటి, మొత్తం మూడు కావాలి, కానీ రాసేది రెండు. బస్టాపు 'బుస్-స్తొప్', ట్రాఫిక్ జామ్ 'త్ర'ఫిక్-కొర్క్', బ్యాండు మేళం 'ము'సిక్-కొర్ప్స్' అన్నీ ఇంతే. లైను చివర విరిస్తే మాత్రం మింగిన లెటర్ మళ్ళీ బయటికి వస్తుంది.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె 'ఫొష్టెయెల్ప్స్-స్క్రీన్'లో రెండు 's'లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి జిగురు, ఇంకోటి పెట్టెది. రెండే కాబట్టి రెండూ ఉంటాయి. ఒకటి తీసేయడం చాలామంది చేసే తప్పు.

సమాసాన్ని విడదీసి రెండు మాటలుగా రాస్తే కొంపలు మునుగుతాయా?

కొంపలు మునగవు కానీ నవ్వులపాలవుతారు. నార్వేజియన్లకు ఈ తప్పంటే ఒళ్ళు మంట. దానికి ఒక పేరే ఉంది: 'సేర్-స్క్రీవింగ్', అంటే విడదీసి రాయడం. అంగళ్ళ బోర్డుల మీద కనపడితే ఫోటోలు తీసి పంచుకుంటారు.

కొన్ని పాత జోకులు చెప్తాను. 'లమ్మె-లోర్' కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడ మాంసం. విడదీస్తే 'చచ్చుపడిన తొడలు'. 'రొయ్క్-ఫ్రిత్' కలిపితే పొగ తాగరాదు, విడదీస్తే 'స్వేచ్ఛగా పొగ తాగండి'. 'అననస్-బీతెర్' కలిపితే అనాస ముక్కలు, విడదీస్తే 'అనాస కరుస్తుంది'. (అననస్, అనాస రెండూ ఒకే మాట. పోర్చుగీసు ఓడల్లో వచ్చి అటు నార్వేకూ ఇటు మనకూ చేరింది.)

ఇంగ్లీషు ప్రభావం వల్లే ఇలా అయిందని చాలామంది తిడతారు. ఫోన్లు, కంప్యూటర్లు తమకు తెలియని సమాసం కింద ఎర్ర గీత గీయడం కూడా ఒక కారణం. గీత పోవాలని మధ్యలో ఖాళీ పెట్టేస్తారు. ఎర్ర గీతను పట్టించుకోకండి.

రాతలో సరే, మాటల్లో ఖాళీ ఎలా తెలుస్తుంది?

ఊనిక వల్లే. పెద్ద ఊరు అనాలంటే 'స్తూర్ బీ', రెండు మాటలకూ ఊనిక ఉంది, రెండోది ఇంకొంచెం గట్టిగా. మహానగరం అనాలంటే 'స్తూర్-బీ', మొదటి ముక్క మీదే. 'నొష్క్ లేరెర్' అంటే నార్వే దేశస్థుడైన టీచరు, ఏ సబ్జెక్టైనా చెప్పొచ్చు. 'నొష్క్-లేరెర్' అంటే నార్వేజియన్ భాష చెప్పే టీచరు, ఏ దేశంవాడైనా కావచ్చు.

ఇది నాకు ఉల్లిపాయల సాక్షిగా తెలిసింది. వచ్చిన కొత్తలో కూరగాయల కొట్లో వెల్లుల్లి అడిగాను. రెండు ముక్కలకూ సమానంగా బరువిచ్చి "వీత్ లోక్" అన్నాను. ఆయన ఎంతో మర్యాదగా నన్ను ఇంకో బుట్ట దగ్గరికి తీసుకెళ్ళి తెల్ల ఉల్లిపాయ చేతిలో పెట్టాడు. నేను అడిగింది అదే మరి: తెల్ల, ఉల్లి. ఊనిక మొదటిదాని మీద పెట్టి 'వీత్-లోక్' అనుంటే వెల్లుల్లి దొరికేది.

క్రియల దగ్గర కూడా ఇదే ఆట. 'ఒప్-స్తో' అంటే తలెత్తడం, సమస్య తలెత్తినట్టు. 'స్తో 'ఒప్' అంటే పొద్దున్నే లేవడం. ముక్కలు అవే, వరస మారింది. కానీ ఊనిక రెండింట్లోనూ 'ఒప్' మీదే.

టోన్ అంటారే, అది కూడా నేర్చుకోవాలా?

మాట వినగానే చాలామందికి టెన్షన్. నెమ్మదిగా చూద్దాం.

నార్వేజియన్‌లో ఊనిక పడిన అక్షరానికి ఒక రాగం ఉంటుంది, రెండు రకాలు. వీటిని 'తూనె-లాగ్' అంటారు. ఓస్లోలో మొదటి రకం కింద మొదలై పైకి పోతుంది. రెండోది పైన మొదలై దిగి, మళ్ళీ లేస్తుంది. 'బొన్నెర్' అని మొదటి రాగంలో అంటే రైతులు, రెండో రాగంలో అంటే చిక్కుళ్ళు. 'తంకెన్' మొదటి రాగంలో ట్యాంకు, రెండో రాగంలో ఆలోచన.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కొంచెం అర్థవంతంగా ఉంటుంది. పాత నార్స్ భాషలో (ఇప్పటి నార్వేజియన్ పుట్టింది దాన్నుంచే) ఒకే అక్షరం ఉన్న మాటలకు మొదటి రాగం, ఎక్కువ అక్షరాలున్న వాటికి రెండోది స్థిరపడ్డాయి. ఆ తర్వాత మాటలు మారిపోయాయి కానీ రాగాలు మిగిలాయి. చలికాలం 'విన్తెర్' అప్పట్లో ఒకే అక్షరం, అందుకే ఇప్పటికీ మొదటి రాగం. వేసవి 'సొమ్మెర్' అప్పుడే రెండక్షరాలు, దానికి రెండోది.

సమాసానికంతటికీ ఒకే రాగం ఉంటుంది, రెండో ముక్క తన రాగాన్ని వదిలేసుకుంటుంది. మొదటి ముక్కలో ఒకటికి మించి అక్షరాలుంటే ఓస్లో వైపు సాధారణంగా దాని రాగమే నిలుస్తుంది. చలికాలం సెలవులు 'విన్తెర్-ఫేరియె'కు మొదటి రాగం, వేసవి సెలవులు 'సొమ్మెర్-ఫేరియె'కు రెండోది. మొదటి ముక్క ఒకే అక్షరమైతే ఒక్కో మాటకు ఒక్కో పద్ధతి, వినడమే దారి.

నా అభిప్రాయం అడిగితే, మొదటి ఏడాది టోన్ జోలికి పోకండి. ఊనిక, దీర్ఘం సరిగ్గా ఉంటే చాలు, రాగం తప్పినా సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. రైతులు, చిక్కుళ్ళు ఒకే వాక్యంలో ఎన్నిసార్లు వస్తాయి చెప్పండి. పైగా నార్వేలోనే అందరికీ ఈ తేడా లేదు. బెర్గెన్‌కు ఉత్తరాన కొన్ని ప్రాంతాల్లో, ఉత్తర నార్వేలో కొన్ని చోట్ల రెండు రాగాలూ ఒకటే.

అతుకు దగ్గర 'ర్' ఎటు పోతుంది?

మనవాళ్ళు ఎగిరి గంతేయాల్సిన ప్రశ్న ఇది. తూర్పు, మధ్య, ఉత్తర నార్వే మాటల్లో 'ర్' తర్వాత త, ద, న, ల, స వస్తే రెండూ కలిసి నాలుక మడిచిన ధ్వని అవుతాయి. అచ్చంగా మన ట, డ, ణ, ళ, ష. పిల్లవాడు 'బాణ్', రాతలో 'ర్', 'న్' రెండూ ఉంటాయి. మ్యాపు 'కట్ట్'. 'నొష్క్'లో ష కూడా ఇలా పుట్టిందే.

ఈ మార్పు సమాసాల అతుకును కూడా దాటుతుంది. సొమ్మెర్, సూల్ కలిస్తే 'సొమ్మె-షూల్' (వేసవి ఎండ). విన్తెర్, దాగ్ కలిస్తే 'విన్తె-డాగ్' (చలికాలపు రోజు). ఫింగెర్, నైల్ కలిస్తే 'ఫింగె-ణైల్' (చేతి గోరు). యూరప్‌లో చాలా భాషల వాళ్ళకు నాలుక ఇలా మడవదు, మనకు పుట్టుకతో వచ్చింది. ధైర్యంగా మడవండి.

బెర్గెన్, స్తవంగెర్, క్రిస్తియన్సన్ వైపు 'ర్'ను గొంతులో పలుకుతారు, అక్కడ ఈ కలయిక జరగదు. మీరున్న ఊరిని బట్టి చూసుకోండి.

అంటే సంధి చేయొచ్చన్నమాట?

హల్లుల దగ్గర పైన చెప్పినంత వరకే. అచ్చుల దగ్గర వద్దు. ఈస్టర్ గుడ్డు 'పోస్కె-ఎగ్గ్'. రెండు 'ఎ'లు పక్కపక్కన ఉండేసరికి మన నాలుక ఆగదు, 'పోస్కెగ్గ్' అనేస్తుంది. రామాలయం, చిన్నాయన అంటూ పెరిగినవాళ్ళం కదా. రెండు అచ్చులనూ విడివిడిగా, మధ్యలో చిన్న విరామంతో పలకాలి.

దీనికి తోడు మన ఇంకో జబ్బు, చివర 'ఉ' తగిలించడం. తెలుగు మాట అచ్చుతో ముగియాలని మనకు లోపలెక్కడో పట్టుదల. బస్సు, కారు, రైలు అన్నీ అలా వచ్చినవే. 'నత్-తోగ్'ను 'నత్తుతోగు' అంటే రెండక్షరాల మాట నాలుగక్షరాలవుతుంది, ఊనిక ఎక్కడ వెతకాలో అవతలివాళ్ళకు తెలియదు. అతుకు దగ్గర 'ఉ' రాకుండా ఆపితే సగం యాస పోతుంది.

ఊనిక రెండో ముక్క మీద పడే సమాసాలు లేవా?

ఉన్నాయి, ఎక్కువ కాదు. శతాబ్దం 'ఓర్-'హుంద్రె', నూరు అనే ముక్క మీద. దిక్కుల మూలలు కూడా అంతే, వాయవ్యం 'నూర్-'వెస్త్'.

ఊళ్ళ పేర్ల దగ్గర జాగ్రత్త. దక్షిణాన ఉన్న 'క్రిస్తియన్-'సన్' నాలుగో క్రిస్తియన్ రాజు 1641లో కట్టించిన ఊరు. పశ్చిమ తీరంలో కాస్త ఉత్తరంగా ఉన్న 'క్రిస్తియన్-'సున్'కు ఆరో క్రిస్తియన్ పేరు 1742లో వచ్చింది. రెండింటికీ ఊనిక చివర. పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, ఉత్తరాలు తారుమారు కాకుండా ఒకదానికి దక్షిణాన్నీ ఇంకోదానికి ఉత్తరాన్నీ సూచించే లెటర్ తగిలించేవారు. ఆ రెండు పేర్లలో తేడా చూపించేది చివరి అక్షరమే కాబట్టి, ఊనిక అక్కడుండటం మన అదృష్టం. కానీ 'సున్'తో ముగిసేవన్నీ ఇంతే అనుకోవద్దు, 'హౌగె-సున్'కు మొదట్లోనే. 1994 చలికాలపు ఒలింపిక్స్ జరిగిన 'లిల్లె-హమ్మెర్' కూడా మొదట్లోనే.

చాంతాడంత సమాసం ఎదురైతే?

వెనక నుంచి విప్పండి. అసలు మాట చివర ఉంటుంది కదా. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మంచి నిఘంటువు పేరునే తీసుకుందాం: 'బూక్మోల్స్-ఊర్బూకా'. నార్వేజియన్‌కున్న రెండు రాత పద్ధతుల్లో ఒకటి బూక్మోల్, ఇది దాని నిఘంటువు. చివర 'ఆ' అంటే 'ఆ ఫలానా' అని చెప్పే ప్రత్యయం, పక్కన పెట్టండి. బూక్ అంటే పుస్తకం. దాని ముందు ఊర్, అంటే మాట. మాటల పుస్తకం, నిఘంటువు. ఏ నిఘంటువు? దాని ముందు 's' జిగురు కనపడింది, అదే పెద్ద అతుకు. దానికి ముందు బూక్ (పుస్తకం), మోల్ (భాష). నాలుగు ముక్కల్లో ఒకటి రెండుసార్లు వచ్చింది, చిన్న పద్యంలా.

పలికేటప్పుడు వరస తిరగబడుతుంది. ప్రధాన ఊనిక మొట్టమొదటి బూక్ మీద. తర్వాత బలం పెద్ద అతుకు దాటిన వెంటనే వచ్చే 'ఊర్' మీద. మిగతా రెండు తేలిగ్గా, కానీ దీర్ఘాలు పోకుండా.

ఏ ఊరి పద్ధతి నేర్చుకోవాలి? పరీక్షలో ఏది అడుగుతారు?

నార్వేలో మాట్లాడటానికి అధికారిక ప్రమాణం అంటూ లేదు. రాతకే ఉన్నాయి, బూక్మోల్, నీనొష్క్ అని. పార్లమెంటులోనూ టీవీలోనూ ఎవరి యాసలో వాళ్ళు మాట్లాడతారు. కాబట్టి మీ ఆఫీసులో, మీ పిల్లల బాణె-హాగెలో వినపడేదే మీ యాస. నొష్క్-ప్రోవె, అంటే నార్వేజియన్ పరీక్ష, మౌఖిక భాగంలో అర్థమయ్యేలా మాట్లాడితే చాలు, ఓస్లో యాసే ఉండాలని లేదు. ఊనిక, అతుకు నియమాలు మాత్రం అన్ని చోట్లా దాదాపు ఒకటే. మారేది రాగమూ 'ర్' కారమూ.

ఇంట్లో ఎలా సాధన చేయాలి?

మాటల్లేకుండా కూనిరాగం తీయండి. 'మాత్-పక్కె' అనే బదులు నోరు మూసుకుని 'మ్మ్‌మ్-మ్మ-మ' అనండి. మొదటిది గట్టిగా, రెండోది కొంచెం తక్కువ, మూడోది తేలిక. తర్వాత అదే ఊపులో మాట పెట్టండి. టేబుల్ మీద వేలితో దరువేస్తే ఇంకా మంచిది.

రోజుకో ఐదు సమాసాలు చాలు. బస్సులోంచి కనపడే బోర్డులు చదివి అతుకు వెతకండి. రైల్వే స్టేషన్లో, ఆసుపత్రి వరండాల్లో ఇవి కుప్పలు తెప్పలు. నేనైతే పాల ప్యాకెట్ల మీద, పచ్చడి సీసాల మీద మార్కర్‌తో గీతలు గీసేవాణ్ణి. మా ఇంటికొచ్చిన నార్వేజియన్ స్నేహితుడొకాయన ఫ్రిజ్ తెరిచి, ప్రతి డబ్బా మీదా నిలువు గీతలు చూసి, ఎంత తిన్నామో కొలుచుకుంటున్నాం అనుకున్నాడు.